ఒకరు వెళ్దామంటే, ఒకరు వద్దంటే: చిన్నపిల్లలతో విదేశ ప్రయాణంపై దంపతులు ఎలా తేల్చుకోవాలి?

ఆఫర్ లెటర్ వచ్చిన రాత్రే చాలా ఇళ్లలో ఈ గొడవ మొదలవుతుంది. "ఇలాంటి అవకాశం మళ్లీ రాదు" అని ఒకరు, "ఇద్దరు పసిపిల్లలతో వెళ్తే అక్కడ మనకెవరున్నారు?" అని ఇంకొకరు. వారం గడిచేసరికి మాటలు అవే ఉంటాయి, గొంతులు మాత్రం పెరుగుతాయి. ఆ తర్వాత అత్తయ్య, మామయ్య, డల్లాస్‌లో ఉన్న బావగారు కూడా చేరతారు. చివరకు పట్టు గట్టిగా ఉన్నవారి మాట నెగ్గుతుంది. తగ్గినవారు ఆ సంగతి ఏళ్ల తరబడి మరచిపోరు.

వెళ్లాలా, మానాలా అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. వెళ్తే ఇద్దరిలో ఎవరి జీవితం ఎంత మారుతుంది, కుదరకపోతే ఎవరు ఎలా వెనక్కి రాగలరు అన్న రెండు ప్రశ్నలకు ముందు జవాబులు వెతకండి. ఆ జవాబులు కాగితం మీదికి వచ్చాక నిర్ణయం తీసుకోవడం చాలావరకు సులువవుతుంది. అందుకు అనుసరించవలసిన క్రమం ఇది. ఒక్క అడుగు కూడా దాటవేయవద్దని నా మనవి, ముఖ్యంగా మూడోది, ఏడోది.

1. తొందరపెట్టేవాటిని ఆపండి

కంపెనీ "రెండు రోజుల్లో చెప్పండి" అంటుంది. పిల్లలతో కదలవలసి ఉంది కాబట్టి రెండు మూడు వారాలు కావాలని రాతపూర్వకంగా అడగండి. అడగనివారికి ఎవరూ గడువు ఇవ్వరు. ఆ వ్యవధిలో నాలుగు పనులు ఇద్దరూ చేయకూడదు: రాజీనామా ఇవ్వడం, బడిలో టీసీ అడగడం, ఇల్లో స్థలమో అమ్మకానికి పెట్టడం, బంధువులకు చెప్పడం. నాలుగోదాన్ని తేలికగా తీసుకోకండి. "మా అబ్బాయి అమెరికా వెళ్తున్నాడు" అన్న మాట ఒకసారి ఊళ్లోకి వెళ్లిందంటే, ఆ తర్వాత సందేహం వెలిబుచ్చిన కోడలు అందరి దృష్టిలోనూ అడ్డుపడిన మనిషి అవుతుంది. అప్పుడు ఆమె చెప్పే కారణాలు ఎవరికీ వినిపించవు.

పిల్లల పాస్‌పోర్టుల సంగతి వేరు. మైనరు పాస్‌పోర్టుకు మామూలుగా తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసిన అంగీకార పత్రం కావాలి. సందేహిస్తున్నవారు ఆ సంతకానికి కూడా వెనుకాడతారు. పాస్‌పోర్టు తీసుకున్నంత మాత్రాన ప్రయాణానికి ఒప్పుకున్నట్లు కాదని ఇద్దరూ ముందే మాట అనుకుని సంతకం చేయండి.

2. "పిల్లల భవిష్యత్తు" అన్న మాట వాడకుండా కారణాలు రాయండి

వెళ్దామనేవారూ పిల్లల భవిష్యత్తు కోసమే అంటారు, వద్దనేవారూ పిల్లల కోసమే అంటారు. ఆ మాట చాటున అసలు కారణాలు దాక్కుంటాయి. అందుకే విడివిడిగా కూర్చుని, ఆ మాట ఒక్కసారి కూడా వాడకుండా, వెళ్తే నాకు ఏమి దక్కుతుంది, ఏమి పోతుంది, వెళ్లకపోతే ఏమి పోతుంది అని చెరొక కాగితం రాయండి. మరుసటి రోజు మార్చుకుని చదవండి. చదివిన రోజు వాదించవద్దు. అర్థం కానిదాన్ని అడిగి తెలుసుకోవడం వరకే.

నిజాయితీగా రాస్తే అందులో వచ్చే విషయాలు ఇలా ఉంటాయి. తోటివారంతా ఆన్‌సైట్ వెళ్లారు, నేనొక్కడినే మిగిలిపోయాననే బాధ. ఫ్లాటు మీద తీసుకున్న అప్పు ఇక్కడి జీతంతో తీరడానికి ఇంకా పదిహేనేళ్లు పడుతుందన్న లెక్క. అత్తింటి పెత్తనం నుంచి కొంత దూరం జరిగితే ఊపిరి పీల్చుకోవచ్చన్న ఆశ. ఇది చాలామంది ఆడవాళ్ల మనసులో ఉన్నా పైకి రాదు. రెండోవైపు, పోటీ పరీక్ష రాసి సంపాదించుకున్న బ్యాంకు ఉద్యోగమో టీచరు ఉద్యోగమో వదులుకోవాలన్న దిగులు. నాన్నకు డయాలసిస్ నడుస్తుండగా ఒక్కగానొక్క కొడుకు దేశం దాటడమా అన్న అపరాధ భావన. మొదటి కాన్పు తర్వాత ఒంటరిగా పడిన అవస్థ మళ్లీ పరాయి దేశంలో పడవలసి వస్తుందన్న భయం.

చూడండి, వీటిలో సగానికి విదేశంతో సంబంధమే లేదు. అత్తింటి నుంచి దూరం కావాలంటే అదే నగరంలో వేరే కాపురం పెట్టవచ్చు. అప్పుల భారం తగ్గాలంటే ఫ్లాటు అమ్మి అద్దె ఇంట్లో ఉండవచ్చు. కారణం బయటపడితే దానికి తగిన పరిష్కారం కూడా కనిపిస్తుంది, అది ఒక్కోసారి విమానం ఎక్కకుండానే దొరుకుతుంది. అలాగే ఒకరి కాగితంలో "ఇక్కడ నా పనికి విలువ లేదు, ప్రతి ఉదయం ఆఫీసుకు వెళ్లాలంటే కడుపులో తిప్పుతోంది" అని ఉంటే, దాన్ని డబ్బాశ అని కొట్టిపారేయడం రెండోవారికి తగదు.

3. ఆ వీసా మీ ఇద్దరినీ ఏ స్థితిలో నిలబెడుతుందో చదవండి

సాధారణంగా ఉద్యోగం వచ్చినవారు వీసా సంగతులన్నీ తెలుసుకుంటారు, వెంట వెళ్లేవారికి "డిపెండెంట్ వీసా వస్తుంది" అన్న ఒక్క మాట తెలుస్తుంది. దీన్ని తలకిందులు చేయండి. నిబంధనలు చదివే బాధ్యత వెంట వెళ్లేవారే తీసుకోవాలి, అదీ ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చదవాలి. ఏజెంటు మాట, బావగారి మాట ఆ తర్వాత.

అమెరికా హెచ్-1బి వీసా మూడేళ్లకు ఇస్తారు, మొత్తం ఆరేళ్ల వరకు పొడిగిస్తారు. ఆపైన ఉండాలంటే గ్రీన్ కార్డు ప్రక్రియ మొదలై ఉండాలి. వెంట వెళ్లిన భార్యకో భర్తకో హెచ్-4 వస్తుంది. దాని మీద వెళ్లగానే ఉద్యోగం చేయడానికి లేదు. 2015 నుంచి కొందరికి పని అనుమతి ఇస్తున్నారు గానీ, హెచ్-1బి ఉన్నవారికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) ఆమోదం వచ్చి ఉండాలనేది దానికి ప్రధానమైన షరతు. ఆ ఆమోదం కంపెనీ దరఖాస్తు పెట్టడం మీద ఆధారపడుతుంది కనుక "ఎప్పుడు పెడతారు?" అన్నది చేరకముందే అడిగి రాయించుకోవలసిన విషయం. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల వ్యవధి ఉంటుంది. ఆ లోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదా మరో వీసాకు దరఖాస్తు పెట్టాలి, లేదంటే ఇంటిల్లిపాదీ బయలుదేరాలి. భారతీయులకు గ్రీన్ కార్డు నిరీక్షణ చాలా పొడవు, ఏటా ఇచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం అన్న పరిమితి దానికి కారణం. పిల్లలకు 21 నిండితే హెచ్-4 ఆగిపోతుంది. ఇవాళ మూడేళ్ల బిడ్డ ఉన్నవారికి ఇది దూరపు మాటలా తోచవచ్చు, కానీ ఆ నిరీక్షణ ముందు పద్దెనిమిదేళ్లు పెద్ద వ్యవధి కాదు. 2025 సెప్టెంబరులో విదేశాల నుంచి కొత్తగా హెచ్-1బి మీద తెచ్చుకునేవారికి లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు కాబట్టి కంపెనీ ఏ దారిన పంపుతోందో కూడా అడగాలి. కంపెనీలోనే బదిలీ మీద వెళ్లే ఎల్-1 అయితే వెంట వెళ్లినవారు ప్రత్యేక అనుమతి కోసం ఎదురుచూడకుండా పని చేయవచ్చు. ఈ ఒక్క తేడా కొన్ని ఇళ్లలో గొడవను సగానికి తగ్గిస్తుంది.

పాయింట్ల లెక్కన వలసదారులను ఎంచుకునే కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో కథ వేరు. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) కుటుంబమంతటికీ కలిపి వస్తుంది, ఇద్దరూ మొదటి రోజు నుంచే పని చేయవచ్చు. అక్కడ ప్రధాన దరఖాస్తుదారు భర్తే కావాలన్న నియమం లేదు. రెండు విధాలా పాయింట్లు లెక్కవేసి చూడండి, భార్య పేరు మీద ఎక్కువ వచ్చే ఇళ్లు తక్కువేమీ కాదు. అయితే పీఆర్ రావడం ఉద్యోగం రావడం కాదు. చేరాక కొన్ని నెలలు ఆదాయం లేకుండా గడవాలి. పీఆర్ నిలబెట్టుకోవడానికి అయిదేళ్లలో 730 రోజులు అక్కడ ఉండాలి, అంటే కొంతకాలం వెనక్కి వచ్చి ఆలోచించుకునే వీలు ఉంటుంది.

జర్మనీ బ్లూ కార్డు (పెద్ద చదువులున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద వెళ్లినవారి జీవిత భాగస్వామికి పని హక్కు వెంటనే ఉంటుంది, ముందుగా జర్మన్ పరీక్ష రాసి తీరాలన్న నియమం లేదు. 27 నెలలకు, భాష బాగా వస్తే 21 నెలలకే శాశ్వత నివాసానికి అర్హత వస్తుంది. కానీ టీచరుకో నర్సుకో ఆ భాష రాకుండా తన వృత్తిలో పని దొరకదు. బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాలో కూడా భాగస్వామి పని చేయవచ్చు. అక్కడ దెబ్బ తగిలేది ఆరోగ్య రుసుము దగ్గర: పెద్దవారికి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776. నలుగురు మూడేళ్లకు వెళ్తే 10,866 పౌండ్లు ముందుగానే కట్టాలి. కంపెనీ భరిస్తుందో లేదో అడగండి. కేర్ వర్కర్ (వృద్ధులను, రోగులను చూసుకునేవారి) వీసా మీద కుటుంబాన్ని తీసుకువెళ్లే వీలు 2024 మార్చి 11తో ఆగిపోయింది, 2025 జూలై నుంచి విదేశాల్లో ఉన్నవారికి కొత్తగా ఆ వీసా ఇవ్వడమే ఆపేశారు. ఏజెంటు "తర్వాత తెచ్చుకోవచ్చు" అంటే నమ్మవద్దు.

గల్ఫ్ మాట కొద్దిగా. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు ఇళ్లలో భర్త ఒక్కడే వెళ్లడం తరతరాల అలవాటు. యూఏఈలో కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే నెలకు 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు వసతి ఉండాలి. బడి ఫీజు సొంతంగా కట్టుకోవాలి. సీబీఎస్ఈ బడులు ఉండడం మాత్రం తిరిగి వచ్చేవారికి మేలు.

4. ఒక మామూలు మంగళవారాన్ని రాసుకోండి

వారాంతపు ఫోటోలు చూసి నిర్ణయాలు తీసుకుంటారు, కానీ కాపురం నడిచేది మామూలు రోజుల్లో. ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు గంట గంటకూ ఎవరు ఏమి చేస్తారో రాయండి, ఒకటి ఇక్కడిది, ఒకటి అక్కడిది. ఇక్కడి కాగితంలో పనిమనిషి, వంటమనిషి, బడి వ్యాను, సాయంత్రం పిల్లల్ని చూసుకునే అమ్మమ్మ ఉంటారు. అక్కడి కాగితంలో ఆ పేర్లన్నీ తీసేసి ఆ పనులకు ఎదురుగా మీ ఇద్దరి పేర్లే రాయాలి. భర్త పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఇక్కడ స్టౌ వెలిగించడం తెలియని భర్త "అక్కడికెళ్లాక అన్నీ చేస్తాను" అంటే, ఇక్కడే నెల రోజులు చేసి చూపమని అడగడంలో తప్పేమీ లేదు. నిజానికి ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు: పనిమనిషిని, పెద్దల సాయాన్ని పక్కన పెట్టి ఒక నెల ఇద్దరే ఇల్లు నడపండి.

డే కేర్ ఖర్చును విడిగా తెలుసుకోండి. అమెరికాలో ప్రభుత్వ బడి దాదాపు అయిదేళ్ల వయసు నుంచే ఉచితం. అంతకు ముందు ఇద్దరు పిల్లలకు డే కేర్ అంటే చాలా నగరాల్లో ఇంటి అద్దెతో పోటీపడుతుంది. ఒకే జీతం మీద లెక్క వేయండి. రెండో జీతం వస్తే అది అదనం అనుకోండి. ఇక్కడి ఈఎంఐ, పెద్దవాళ్లకు పంపే డబ్బు, ఏడాదికోసారి నలుగురి విమాన టికెట్లు కూడా అందులో ఉండాలి.

"మా అమ్మ వచ్చి చూసుకుంటుంది" అన్న మాటను కూడా తేదీలతో రాయండి. అమెరికా సందర్శక వీసా మీద వెళ్లినవారిని మామూలుగా ఆరు నెలల వరకే ఉండనిస్తారు. తల్లిదండ్రులకిచ్చే కెనడా సూపర్ వీసా అయితే ఒకసారికి అయిదేళ్ల వరకు ఉండవచ్చు. అయినా అరవై దాటిన మనిషి మంచు కురిసే ఊళ్లో, ఇరుగుపొరుగు లేకుండా, మనవల కోసం ఇంట్లో బందీగా ఎంతకాలం ఉండగలరో ఆమెనే అడగాలి. ఆమె తరఫున మీరు ఒప్పుకోకండి.

5. పిల్లల వయసును తిరిగి వచ్చే తేదీతో కలిపి చూడండి

వెళ్లేటప్పుడు పిల్లల వయసెంత అన్నది అందరూ ఆలోచిస్తారు. రెండేళ్లు, నాలుగేళ్ల పిల్లలు కొత్త చోటికి సులువుగానే అలవాటు పడతారు. చిక్కు తిరిగి వచ్చేటప్పుడు ఎదురవుతుంది. ఎనిమిది, తొమ్మిదేళ్ల లోపు వస్తే తెలుగు, హిందీ మళ్లీ పట్టుకోగలరు. పదకొండు, పన్నెండు దాటాక ఇక్కడి బడి, ఇక్కడి పరీక్షలు వాళ్లకు కొత్త ప్రపంచం.

ఇంకో సంగతి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. తెలంగాణలో ఎంబీబీఎస్ సీట్లకు స్థానిక అభ్యర్థిగా లెక్కించాలంటే ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు రాష్ట్రంలో చదివి ఉండాలన్న 2024 నిబంధనను సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది. అంటే తొమ్మిదో తరగతికైనా ఇక్కడికి చేరాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ స్థానికత లెక్కలు చదివిన ఏళ్ల మీదే ప్రధానంగా ఆధారపడతాయి. "నచ్చకపోతే వచ్చేద్దాం" అనే మాటకు కాబట్టి ఒక తరగతి ఉండాలి: పెద్దమ్మాయి ఏడో తరగతి లోపా, తొమ్మిది లోపా? ఆ తరగతి పేరు ఇద్దరూ ఒప్పుకుని రాసుకోండి.

6. ఇక్కడి పెద్దవాళ్ల గురించి తోబుట్టువులతో మాట్లాడండి

తల్లిదండ్రులను "మీకేం ఫరవాలేదుగా?" అని అడిగితే, ఫరవాలేదనే చెబుతారు. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను అడగండి: ఆసుపత్రికి ఎవరు తీసుకువెళ్తారు, ఖర్చు ఎవరిది, రాత్రిపూట ఫోను ఎవరికి వెళ్లాలి. ఇరువైపుల పెద్దల గురించీ అడగాలి. ఒక్కతే కూతురైన భార్య తన తల్లిదండ్రుల మాట ఎత్తితే, అది భర్త తల్లిదండ్రుల ప్రశ్నంత బరువైనదే.

7. చట్టం ఏమి చెబుతుందో, ఇష్టం లేకపోయినా తెలుసుకోండి

ఈ భాగం రాయడం నాకు సంతోషంగా లేదు, కానీ దీన్ని వదిలేస్తే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు. పిల్లలతో ఒక దేశంలో స్థిరపడ్డాక, వారి విషయంలో సాధారణంగా అక్కడి కోర్టులదే అధికారం. దంపతుల మధ్య పొరపొచ్చాలు వస్తే, ఒకరు రెండోవారి అనుమతి లేకుండా పిల్లల్ని తీసుకుని హైదరాబాదుకో విజయవాడకో వచ్చేయడం అక్కడి చట్టం దృష్టిలో పిల్లల అపహరణ కావచ్చు. అలా తరలించిన పిల్లలను వెనక్కి పంపడం గురించి 1980 నాటి హేగ్ ఒప్పందం ఉంది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా అందులో ఉన్నాయి, భారత్ చేరలేదు. ఇక్కడి కోర్టులు బిడ్డ సంక్షేమాన్ని చూసి తీర్పు చెబుతాయి. ఫలితంగా రెండు దేశాల్లో రెండు కేసులు, మధ్యలో పిల్లలు నలిగిపోతారు.

కాబట్టి "నాకు నచ్చకపోతే పిల్లల్ని తీసుకుని మా అమ్మ దగ్గరికి వచ్చేస్తాను" అన్న ధైర్యంతో ఎవరూ విమానం ఎక్కకూడదు. ఆ మాట చట్టం ముందు నిలవకపోవచ్చు. కాపురంలో ఇప్పటికే పెద్ద కలతలుంటే బయలుదేరడానికి ముందే కుటుంబ న్యాయవాదిని కలవండి. దేశం మారితే కలతలు తీరతాయని ఎవరైనా చెబితే వినవద్దు.

బెదిరింపు, పాస్‌పోర్టులు దాచేయడం, టికెట్ల కోసం పుట్టింటి నుంచి డబ్బు తెమ్మనడం ఉంటే అది అభిప్రాయభేదం కాదు. విదేశాల్లో ఉన్న భర్తల వల్ల ఇబ్బంది పడే స్త్రీలకు జాతీయ మహిళా కమిషన్‌లో ప్రత్యేక విభాగం ఉంది, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ద్వారా ఫిర్యాదు చేయవచ్చు.

8. మధ్యే మార్గాలను ఒక్కొక్కటిగా పరీక్షించండి

ఒకరు ముందు వెళ్లి ఆరు నెలల తర్వాత కుటుంబాన్ని పిలిపించుకోవడం అందరికీ తోచే మార్గం. దానికి చివరి తేదీ లేకపోతే ఆ ఆరు నెలలు మూడేళ్లు అవుతాయి, పసిబిడ్డ తండ్రిని ఫోనులో చూస్తూ పెరుగుతుంది. తేదీ పెట్టండి, ఆ తేదీకి వసతి, బడి కుదరకపోతే వెళ్లినవారే తిరిగి రావాలని రాయండి.

ఒక ఏడాది వెళ్లి చూడడం ఇంకా మేలు. ఇక్కడి ఫ్లాటు అమ్మకుండా అద్దెకివ్వండి. విదేశంలో నివాసం ఏర్పడ్డాక మామూలు పొదుపు ఖాతాను ఎన్నారో ఖాతాగా (ప్రవాసులు ఇక్కడి ఆదాయం జమ చేసుకునే ఖాతా) మార్చుకోవాలి, అద్దె అందులో పడుతుంది. ప్రభుత్వ ఉద్యోగం ఉన్నవారు రాజీనామాకు ముందు జీతం లేని అసాధారణ సెలవు గురించి శాఖలో విచారించాలి, ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటకూడదు. ప్రైవేటు కంపెనీలో అయితే ఇంటి నుంచి పని చేసే ఏర్పాటు అడగండి, కానీ ఆ దేశ వీసా దానికి ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకోండి. ఊళ్లో పొలం కొనాలన్న ఆలోచన ఉంటే అది కూడా ఇప్పుడే తేల్చాలి, ఎందుకంటే ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమిని వారసత్వంగా పొందవచ్చు గానీ మామూలుగా కొనుగోలు చేయలేరు.

9. షరతులు రాసి ఇద్దరూ సంతకం చేయండి

కోర్టులో చెల్లకపోయినా ఈ కాగితం ఇంట్లో చెల్లుతుంది. వెంట వెళ్లేవారి పేరున, వారొక్కరే వాడుకోగలిగేలా, పిల్లలతో సహా తిరుగు టికెట్లకూ కొన్ని నెలల ఖర్చుకూ సరిపడే డబ్బు ఉండాలి. చేరిన మొదటి నెలల్లోనే డ్రైవింగ్ నేర్పించే బాధ్యత ఎవరిదో ఉండాలి. కారు నడపడం రాకపోతే అమెరికా శివారు ఊళ్లలో ఇల్లు దాటడం కష్టం. పద్దెనిమిదో నెలలో మళ్లీ కూర్చుని మాట్లాడే తేదీ ఉండాలి. ఆ రోజు సందేహించినవారు "ఇక చాలు" అంటే, ఎన్ని నెలల్లో తిరిగి రావాలో ఇప్పుడే రాసి ఉండాలి. ఈ చివరి షరతుకు వెళ్దామనేవారు ఒప్పుకోకపోతే, "నచ్చకపోతే వచ్చేద్దాం" అన్న వారి మాటకు విలువ ఎంతో తెలిసిపోతుంది.

10. అప్పటికీ కుదరకపోతే ఈసారికి మానుకోండి

ఇవన్నీ చేశాక కూడా ఒకరు మనస్ఫూర్తిగా వద్దంటే, పసిపిల్లలున్న ఇంట్లో ఆ మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలంటాను. వద్దన్న మనిషిని తీసుకువెళ్తే, ఎవరూ తెలియని ఊళ్లో ఇద్దరు పిల్లలతో రోజంతా గడపవలసింది చాలాసార్లు ఆ మనిషే.

అయితే మానుకున్నవారి ఆశను చెత్తబుట్టలో వేయకండి. వాళ్లు వదులుకున్నదానికి విలువ కట్టాలి: ఉద్యోగం మారడానికి సాయం, పైచదువుకు సమయం, లేదా ఎప్పుడు మళ్లీ ఆలోచిస్తామన్న కచ్చితమైన తేదీ. ఆ తేదీ పెట్టేటప్పుడు వయసు లెక్కలు చూసుకోండి. కెనడా పాయింట్లు 30 ఏళ్ల నుంచి ఏటేటా తగ్గుతాయి, ఆస్ట్రేలియా నైపుణ్య వీసాలకు ఆహ్వానం వచ్చే నాటికి 45 నిండకూడదు. కంపెనీకి మర్యాదగా జవాబు రాసి, "కుటుంబ కారణాల వల్ల ఈ ఏడాది వీలుకావడం లేదు, రెండేళ్ల తర్వాత ఇలాంటి అవకాశం ఉంటే పరిశీలించగలరు" అని చెప్పండి. ఆ ఉత్తరం పంపే ముందు ఇద్దరూ చదవండి. బంధువులు అడిగితే "ఇద్దరం అనుకునే మానుకున్నాం" అనే ఒక్క జవాబే ఇద్దరి నోటా రావాలి. పిల్లలు కొంతైనా విని ఉంటారు కాబట్టి వాళ్లకూ అదే రోజు చెప్పండి: ఇక్కడే ఉంటున్నాం, జూన్‌లో ఇదే బడికి వెళ్తావు.